ఇన్‌కం ట్యాక్స్ డిమాండ్ నోటీసు వచ్చిందా? సీఏ దగ్గరికి ఎప్పుడెళ్ళాలి, ఏం పట్టుకెళ్ళాలి, పని ఏ వరసలో జరగాలి – మొత్తం ప్రాసెస్

నేను సీఏని కాదు. శ్రీకాకుళంలో ఒక సీఏ ఆఫీసులో పదకొండేళ్ళుగా అకౌంటెంట్‌గా చేస్తున్నాను, నోటీసు పట్టుకుని మెట్లెక్కి వచ్చేవాళ్ళతో ముందు మాట్లాడేది నేనే. అందరూ అడిగేది ఒకటే, "లక్షా చిల్లర కట్టమని మెసేజ్ వచ్చింది, నానేటి తప్పు చేసినాను, ఇప్పుడు ఎవర్ని కలవాలి" అని. ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి మొత్తం ఒకచోట రాస్తున్నాను. కింద ఉన్న వరస ముఖ్యం, చాలా కేసులు పాడయ్యేది పని చెయ్యక కాదు, పని వెనకాముందు చెయ్యడం వల్ల.

1. ముందు అది నిజం నోటీసేనా చూడండి

మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కొద్దు. బ్రౌజర్‌లో మీరే ఇన్‌కం ట్యాక్స్ ఈ-ఫైలింగ్ పోర్టల్ ఓపెన్ చేసి లాగిన్ అవ్వండి. నిజంగా డిమాండ్ ఉంటే "పెండింగ్ యాక్షన్స్"లో "రెస్పాన్స్ టు ఔట్‌స్టాండింగ్ డిమాండ్" అనే చోట అసెస్‌మెంట్ ఇయర్‌తో (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది) సహా కనబడుతుంది.

కాగితం నోటీసైతే దాని మీద డిన్ నంబర్ (డాక్యుమెంట్ ఐడెంటిఫికేషన్ నంబర్) ఉండాలి. 2019 అక్టోబర్ 1 నుంచి డిపార్ట్‌మెంట్ పంపే ప్రతి లెటర్‌కీ ఆ నంబర్ ఉండాలన్నది రూలు. పోర్టల్ మొదటి పేజీలోనే, లాగిన్ లేకుండానే, నోటీసు ఆథెంటికేట్ చేసుకునే ఆప్షన్ ఉంది. అక్కడ డిన్ కొడితే నిజమో దొంగదో చెప్పేస్తుంది.

యూపీఐ నంబర్ ఇచ్చి దానికి కొట్టమన్నారంటే అది దొంగదే, ఇంక ఆలోచన అక్కర్లేదు. ట్యాక్స్ కట్టేది పోర్టల్‌లో "ఈ-పే ట్యాక్స్" నుంచి చలాన్ తీసి మాత్రమే.

2. లాగిన్ మీ చేతిలోకి తెచ్చుకోండి

సీఏ దగ్గరికి వెళ్ళకముందే చెయ్యాల్సిన పని ఇది, మన వైపు సగం గొడవ ఇక్కడే ఉంది. టీచర్లు, పోలీసులు, ఎక్స్ సర్వీస్‌మెన్, షిప్పుల్లో పనిచేసే కుర్రాళ్ళు, ఎక్కువమంది రిటర్న్‌లు నెట్ సెంటర్‌లోనో తెలిసినాయన దగ్గరో వేయించుకుంటారు, ఆయన తన మెయిలూ తన ఫోన్ నంబరూ పెట్టేస్తాడు, ఒకే మెయిల్ మీద మూడొందల మంది ఉంటారు. డిపార్ట్‌మెంట్ నోటీసు ఆ మెయిల్‌కే పోతుంది, ఆయన చూడడు, మీకు తెలీదు, గడువు ఎల్లిపోతుంది. "నాకు అందలేదు" అంటే వినేది చాలా తక్కువ, మీ అకౌంట్‌లో ఉన్న మెయిల్‌కి పంపించారంటే మీకు పంపినట్టే లెక్క.

కాబట్టి:

- పాస్‌వర్డ్ తెలీకపోతే "ఫర్గాట్ పాస్‌వర్డ్" కొట్టి ఆధార్ ఓటీపీతో కొత్తది పెట్టుకోండి. ఆధార్‌కి లింకైన ఫోన్ దగ్గర ఉండాలి.
- ప్రొఫైల్‌లో ప్రైమరీ మొబైల్, మెయిల్ మీవి పెట్టండి. మీకు మెయిల్ చూడ్డం రాకపోతే కొడుకుదో కూతురిదో పెట్టండి, బయటోళ్ళది వద్దు.
- ప్యాన్, ఆధార్ లింక్ అయిందో లేదో చూడండి. ప్యాన్ పనిచెయ్యకపోతే టీడీఎస్ (జీతంలోనో వడ్డీలోనో ముందే కోసే ట్యాక్స్) ఎక్కువ రేటులో కోస్తారు, అదో కొత్త తలనొప్పి.
- "ఈ-ప్రొసీడింగ్స్" ఓపెన్ చేసి పాత నోటీసులు ఏమైనా పడున్నాయా చూడండి. ఇప్పుడొచ్చిన డిమాండ్‌కి ముందు మూడు నోటీసులు అక్కడ మూలుగుతుండడం మాకు మామూలే.

3. ఏ సెక్షనో చూడండి

నోటీసు పైన సెక్షన్ నంబర్ ఉంటుంది. మీరు లా చదవక్కర్లేదు గానీ ఈ నంబర్ని బట్టే ఎంత టైముందో, ఎవరి దగ్గరికి వెళ్ళాలో తేలుతుంది.

- 139(9): రిటర్న్‌లో లోపం ఉంది అని. 15 రోజులు. కంగారు లేదు గానీ వదిలేస్తే రిటర్న్ వెయ్యనట్టే అవుతుంది.
- 143(1)(ఎ): "మీ లెక్కలో ఇది మారుస్తున్నాం, ఏమంటారు" అని ముందే అడగడం. 30 రోజులు. ఇక్కడ జవాబిస్తే చాలాసార్లు డిమాండే రాదు.
- 143(1): బెంగళూరు సీపీసీ (రిటర్న్‌లు ప్రాసెస్ చేసే సెంటర్) నుంచి వచ్చే ఇంటిమేషన్, అంటే మీ రిటర్న్‌ని వాళ్ళు లెక్కేసి పంపే కాగితం. మన దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ ఇవే.
- 245: ఈ ఏడాది మీ రీఫండ్‌ని పాత బాకీలో సర్దుకుంటాం అని. 21 రోజులు. ఊరుకుంటే సర్దేసుకుంటారు.
- 142(1), 143(2): స్క్రూటినీ, అంటే మీ రిటర్న్‌ని లోతుగా పరిశీలిస్తున్నాం, వివరాలు కావాలి అని.
- 148ఎ, 148: పాత సంవత్సరాన్ని మళ్ళీ తెరుస్తున్నాం అని. ఇది వచ్చిందంటే ఆ వారంలోనే మనిషిని చూసుకోండి.
- 144 లేదా 147 ఆర్డర్, దానితోపాటు 156 డిమాండ్ నోటీసు: మీరు జవాబివ్వలేదు కాబట్టి మేమే లెక్క కట్టేశాం అని. ఇది పెద్ద కేసు.

కొత్త ఇన్‌కం ట్యాక్స్ చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది కదా, మరి ఈ నంబర్లు పనికొస్తాయా అని అడుగుతున్నారు. పాత సంవత్సరాల కేసులన్నీ 1961 చట్టం కిందే నడుస్తాయి, ఈ నంబర్లే కనబడతాయి.

4. క్యాలెండర్ తీసి డేట్ రాసుకోండి

డిమాండ్ నోటీసు అందిన 30 రోజుల్లో కట్టాలి, అదే 30 రోజుల్లో అప్పీల్ కూడా వేసుకోవాలి. 30 దాటితే కట్టని మొత్తం మీద నెలకి 1 శాతం వడ్డీ, నెలలో ఒక్క రోజైనా మొత్తం నెల కిందే లెక్క.

తప్పు సరిచెయ్యమని రెక్టిఫికేషన్ పెట్టడానికి మాత్రం ఆర్డర్ ఇచ్చిన ఆర్థిక సంవత్సరం చివర నుంచి నాలుగేళ్ళు టైముంది. జనం ఇక్కడే బోల్తా కొడతారు, నాలుగేళ్ళు ఉంది కదా అని రెక్టిఫికేషన్ పెట్టేసి కూర్చుంటారు, మూడు నెలల తర్వాత అది రిజెక్ట్ అవుతుంది, అప్పటికి అప్పీల్ 30 రోజులు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. రెక్టిఫికేషన్ పెట్టినంత మాత్రాన అప్పీల్ గడియారం ఆగదు. ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు, కారణం నమ్మేలా ఉంటే ఒప్పుకుంటారు కూడా, కానీ దానికోసం మళ్ళీ ఆసుపత్రి కాగితాలూ అఫిడవిట్లూ, ఎందుకొచ్చింది.

ఆర్డర్ డేటు, మీకు అందిన డేటు, 25వ రోజు, 30వ రోజు, ఈ నాలుగూ నోటీసు జెరాక్స్ పైన పెన్నుతో రాసెయ్యండి. 25వ రోజు ఎందుకంటే 29వ రోజున చూస్తే సైటు తిరుగుతూ ఉంటుంది.

5. తేడా ఎక్కడొచ్చిందో మీరే ఒకసారి చూసుకోండి

143(1) ఇంటిమేషన్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ మీ ప్యాన్ చిన్న అక్షరాల్లో, తర్వాత పుట్టినతేదీ, మధ్యలో ఖాళీ లేకుండా. లోపల రెండు కాలమ్స్ ఉంటాయి, ఒకటి మీరు రిటర్న్‌లో చూపించింది, రెండోది వాళ్ళు కట్టిన లెక్క. స్కేలు పెట్టుకుని లైను లైనూ కిందికి దిగండి. రెండు అంకెలూ వేరుగా ఉన్న మొదటి లైను దగ్గర ఆగండి, జబ్బు అక్కడే.

మా మావయ్య సంగతి చెప్తాను. నరసన్నపేట దగ్గర హెడ్మాస్టర్‌గా రిటైర్ అయ్యారు, పాత అరియర్స్ ఒకేసారి పడ్డాయి. రిటర్న్ వేసినాయన సెక్షన్ 89 కింద రిలీఫ్ (పాత ఏళ్ళ డబ్బు ఒకేసారి పడితే ట్యాక్స్‌లో ఇచ్చే తగ్గింపు) 46,300 చూపించాడు, బాగానే ఉంది. కొన్నాళ్ళకి 46,300 కట్టమని డిమాండ్. మావయ్య రాత్రంతా నిద్రపోలేదు, పొద్దున్నే ఆరింటికి స్కూటర్ మీద వచ్చేసి "ముప్పైఏడేళ్ళు గవర్నమెంటుకి పైసా ఎగ్గొట్టలేదురా, ఇదేటిరా" అన్నారు. స్కేలు పెట్టి చూస్తే అన్ని లైన్లూ ఒకటే, ఒక్క రిలీఫ్ దగ్గర మాత్రం మొదటి కాలమ్‌లో 46,300, రెండో కాలమ్‌లో సున్నా. కారణం ఏంటంటే ఆ రిలీఫ్ కావాలంటే ఫారం 10ఈ అని ఒకటి పోర్టల్‌లో విడిగా వెయ్యాలి, అదీ రిటర్న్ కంటే ముందు. రిటర్న్ వేసినాయనకి ఆ ఫారం ఉందని కూడా తెలీదు.

ఇలా ఎక్కువగా కనబడే కారణాలు:

- అరియర్స్‌కి 10ఈ వెయ్యకపోవడం. టీచర్లు, పెన్షనర్లు.
- టీడీఎస్ కోశారు గానీ 26ఏఎస్‌లో (మీ ప్యాన్ మీద జమైన ట్యాక్స్ చూపించే స్టేట్‌మెంట్) కనబడకపోవడం. ఆఫీసువాళ్ళు టీడీఎస్ రిటర్న్ వెయ్యలేదు, లేకపోతే వేరే ప్యాన్ మీద వేశారు.
- కట్టిన చలాన్‌లో సంవత్సరం తప్పు పడడం.
- పాత రెజీమ్‌లో (ట్యాక్స్ లెక్కించే పద్ధతి) తగ్గింపులు చూపించి రిటర్న్ మాత్రం కొత్త రెజీమ్‌లో పడడం. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి మీరు వేరే చెప్పకపోతే కొత్త రెజీమే.
- ఎఫ్‌డీ వడ్డీ మర్చిపోవడం. ఇది మాత్రం మన తప్పే.
- సేవింగ్స్ అకౌంట్‌లో ఏడాదికి 10 లక్షలో ఆ పైనో నగదు వెయ్యడం, రిటర్న్ అసలు వెయ్యకపోవడం. బ్యాంకు ఆ వివరం పంపేస్తుంది.

6. నిజంగానే కట్టాల్సిందైతే?

కట్టెయ్యండి. ఎఫ్‌డీ వడ్డీ 80 వేలు వదిలేసి ఉంటే ఏ సీఏ కూడా దాన్ని మాయం చెయ్యలేడు. చేస్తానన్నాడంటే వేరేవాళ్ళని చూసుకోండి.

రీఫండ్‌లో ఇంత శాతం ఇస్తే చాలు అని చెప్పి ఇవ్వని విరాళాలు, లేని ఇంటి అద్దె, పార్టీలకి చందా అని చూపించి రిటర్న్‌లు వేసే ఏజెంట్లు తిరుగుతున్నారు, ఉద్యోగుల కాలనీల్లో ఒకరు చెప్తే నలభై మంది వేయించుకుంటారు. అలాంటి రీఫండ్ తీసుకున్నవాళ్ళకి నోటీసొస్తే రిటర్న్ మీ ప్యాన్ మీద ఉంది కాబట్టి బాధ్యత మీదే, ఏజెంట్ ఫోన్ ఎత్తడు. ఇంకా నోటీసు రాకపోతే మాత్రం అప్‌డేటెడ్ రిటర్న్ అనే దారి ఉంది, అదనపు ట్యాక్స్ కట్టి సరిచేసుకోవచ్చు. ఎంత ఆలస్యమైతే అంత ఎక్కువ కాబట్టి నోటీసు వచ్చేదాకా ఆగొద్దు.

7. ఫైలు కట్టండి

ప్లాస్టిక్ కవర్‌లో కుక్కిన కాగితాలు పట్టుకొస్తే మొదటి సిట్టింగ్ అంతా వాటిని విడదియ్యడానికే సరిపోతుంది, ఆ టైముకి ఫీజు మీ మీదే పడుతుంది. ఒక స్ప్రింగ్ ఫైలు కొనండి.

అందరికీ కావాల్సినవి:

- నోటీసు లేదా ఆర్డర్, అన్ని పేజీలూ. మొదటి పేజీ ఒక్కటే ఫొటో తీసి వాట్సాప్ పెట్టేవాళ్ళే ఎక్కువ, తప్పు ఉండేదేమో నాలుగో పేజీలో.
- ఆ సంవత్సరం రిటర్న్ కాపీ, అక్నాలెడ్జ్‌మెంట్
- అదే సంవత్సరానికి 26ఏఎస్, ఏఐఎస్ (మీ ఆదాయం, లావాదేవీల గురించి డిపార్ట్‌మెంట్ దగ్గరున్న వివరాల పట్టిక) డౌన్‌లోడ్
- ఫారం 16, 16ఎ (టీడీఎస్ కోసినవాళ్ళు ఇచ్చే సర్టిఫికెట్లు)
- ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా అన్ని బ్యాంకుల స్టేట్‌మెంట్లు. అన్ని అంటే అన్నీ, అమ్మగారితో జాయింట్‌గా ఉన్నది కూడా.
- కట్టిన చలాన్లు

నగదు డిపాజిట్ కేసైతే ఫైలు ఇంకా లావు అవుతుంది, ఇక్కడ కొంచెం ఆగి చెప్తాను ఎందుకంటే పెద్ద పెద్ద డిమాండ్లన్నీ ఇవే. డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూపించలేకపోతే దాన్ని లెక్క చెప్పని సొమ్ము అని 69ఎ కింద వేసి, 115బీబీఈ రేటు వేస్తారు. ఇప్పుడొస్తున్న పాత సంవత్సరాల ఆర్డర్లలో అది 60 శాతం ట్యాక్స్, దాని మీద 25 శాతం సర్‌ఛార్జ్, దాని మీద 4 శాతం సెస్, వెరసి 78 శాతం. పన్నెండు లక్షలు డిపాజిట్ చేసిన రైతుకి 9 లక్షల 36 వేలు, పైన వడ్డీ, పెనాల్టీ వేరే. నిజానికి ఆయన కట్టాల్సింది సున్నా అయ్యుండొచ్చు, చూపించే కాగితం ఉంటే.

ఆ కాగితాలు ఇవి:

- పట్టాదారు పాస్‌బుక్, 1బి, ఆ సంవత్సరం అడంగల్. మీభూమిలో గానీ సచివాలయంలో గానీ దొరుకుతాయి.
- ధాన్యం అమ్మితే కొనుగోలు కేంద్రం రసీదు, ఈ-క్రాప్ నమోదు
- జీడి అమ్మితే పలాస వ్యాపారి ఇచ్చిన బిల్లు లేదా కాటా చీటీ. చీటీ చిన్నదే, పెన్సిల్‌తో రాసిందే, అయినా పారెయ్యొద్దు. డేటూ బస్తాలూ డిపాజిట్‌కి దగ్గర్లో ఉంటే చాలా పనికొస్తుంది.
- భూమి అమ్మితే రిజిస్టర్డ్ దస్తావేజు, ఈసీ
- అదే అకౌంట్ నుంచి ముందు తీసిన డబ్బే మళ్ళీ వేస్తే ఆ విత్‌డ్రాయల్ ఎంట్రీకి హైలైటర్ పూయండి
- కొడుకు పంపిన డబ్బైతే అతని బ్యాంకు స్టేట్‌మెంట్, ఒక లెటర్

భూమి గురించి ఇంకో మాట. ఊళ్ళో సాగుభూమి అమ్మితే క్యాపిటల్ గెయిన్ ట్యాక్స్ ఉండదు, కానీ మున్సిపాలిటీకి ఎంత దూరం అన్నదాన్ని బట్టి. జనాభా పదివేల నుంచి లక్ష లోపు ఉన్న పలాస-కాశీబుగ్గ, బొబ్బిలి లాంటివాటికి హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష దాటిన శ్రీకాకుళం, విజయనగరం లాంటివాటికి 6 కిలోమీటర్లు. ఆ లోపల ఉంటే ట్యాక్స్ పడుతుంది. దూరం కొలిచేది రోడ్డు మీద కాదు, నేరుగా, కాకి ఎగిరినట్టు. తహసీల్దార్ దగ్గర దూరం సర్టిఫికెట్ తీసుకోండి, దానికే రెండు మూడు వారాలు తిప్పుతారు కాబట్టి ముందే అర్జీ పెట్టండి.

8. ఎవరి దగ్గరికి వెళ్ళాలి

అందరికీ పెద్ద సీఏ అక్కర్లేదు. టీడీఎస్ కలవలేదు, చలాన్ తప్పు పడింది, 10ఈ మర్చిపోయారు లాంటివి అనుభవం ఉన్న ట్యాక్స్ ప్రాక్టీషనర్ చేసేస్తాడు. 148, 144, 69ఎ అని కనబడితే మాత్రం అసెస్‌మెంట్లు, అప్పీళ్ళు చేసే సీఏ లేదా ట్యాక్స్ అడ్వకేట్ కావాలి. ఊళ్ళో మంచి ఆడిట్లు చేసే సీఏ అందరూ అప్పీళ్ళు చెయ్యరు, అడిగితే వాళ్ళే చెప్తారు, కొంతమంది వైజాగ్‌లో తెలిసినాయనకి అప్పగిస్తారు. అందులో తప్పేం లేదు, ఎందుకంటే పై ట్రిబ్యునల్ బెంచ్ కూడా విశాఖలోనే ఉంది, ఆ ఊళ్ళో రోజూ అదే పనిలో ఉండేవాళ్ళు ఉంటారు.

మనిషిని చూసుకునేటప్పుడు:

- సీఏ అయితే మెంబర్‌షిప్ నంబర్ అడగండి, మొహమాటం వద్దు. ఆయన ఇచ్చే సర్టిఫికెట్ మీద యూడిన్ (ఆ కాగితానికి ప్రత్యేక నంబర్) ఉండాలి, దాన్ని సీఏల సంస్థ ఐసీఏఐ యూడిన్ సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. బోర్డు మీద "ట్యాక్స్ కన్సల్టెంట్" అని రాసుకున్న ప్రతివాళ్ళూ సీఏ కాదు.
- "ఇలాంటి కేసు ఈ మధ్య చేశారా, అప్పీల్ డ్రాఫ్ట్ మీరే రాస్తారా" అని అడగండి.
- "తగ్గించిన దాంట్లో ఇంత శాతం" అనే బేరం వద్దు. గెలుపు మీద శాతం లెక్కన ఫీజు తీసుకోకూడదని సీఏలకి వాళ్ళ సంస్థ రూలే ఉంది.
- "లోపల మాట్లాడేస్తాను, ముప్పై వేలవుద్ది" అనేవాడిని వదిలించుకోండి. ఇప్పుడు చాలా అసెస్‌మెంట్లూ అప్పీళ్ళూ ఫేస్‌లెస్, అంటే ఆఫీసర్‌ని కలవకుండా ఆన్‌లైన్‌లోనే, మీ ఫైలు ఏ ఊరి ఆఫీసర్ దగ్గరుందో ఆయనకీ తెలీదు, ఇంక లోపల ఎవరితో మాట్లాడతాడు.

వెళ్ళే టైము కూడా చూసుకోండి. జూలై ఆఖరి వారం రిటర్న్‌ల రష్, సెప్టెంబర్ ఆఖరి వారం ట్యాక్స్ ఆడిట్ రష్. ఆ రోజుల్లో మా ఆఫీసులో టీ తాగడానికి కూడా కుదరదు, మీ కేసు ఎవరూ ప్రశాంతంగా చదవరు. గడువు అప్పుడే పడితే తప్పదు, లేకపోతే పది రోజులు అటో ఇటో.

9. మొదటి సిట్టింగ్‌లో తేల్చుకోవాల్సినవి

నిజం మొత్తం చెప్పండి. ఇంకో బ్యాంకు అకౌంట్ ఉంది, చిట్టీలు నడిపాను, బావమరిది డబ్బు నా అకౌంట్‌లో పడింది, ఏదైనా సరే. ఆయన డిపార్ట్‌మెంట్ మనిషి కాదు. మీరు దాచింది ఏఐఎస్‌లో ఎలాగూ ఉంటుంది, అది తెలీక ఆయన తప్పు జవాబు పెడితే రెండోసారి ఎవరూ నమ్మరు.

ఫీజు స్టేజీల వారీగా మాట్లాడుకోండి: జవాబు పెట్టడానికి ఎంత, రెక్టిఫికేషన్‌కి ఎంత, అప్పీల్‌కి ఎంత, హియరింగ్ పడితే ఎంత. జీఎస్టీ కలిపా విడిగానా. కాగితం మీద గానీ వాట్సాప్‌లో గానీ రాయించుకోండి. ప్రభుత్వానికి కట్టే అప్పీల్ ఫీజు వేరు, అది మీ పేరు మీద చలాన్ తీసి కట్టాలి, సీఏ చేతికి ఇచ్చేది కాదు.

పాస్‌వర్డ్ ఇవ్వాలా అంటే, పోర్టల్‌లోనే సీఏని యాడ్ చేసుకోవచ్చు, ఈ-ప్రొసీడింగ్స్‌లో ఆథరైజ్డ్ రిప్రజెంటేటివ్‌గా పెట్టొచ్చు, ఒక ఆథరైజేషన్ లెటర్ మీద సంతకం చేస్తారు. కానీ మన వైపు ఎక్కువమంది పాస్‌వర్డే ఇచ్చేస్తారు, మా ఆఫీసులో కూడా అదే జరుగుతుంది, కాదనను. ఇస్తే ఇవ్వండి, ఫోన్ నంబరూ మెయిలూ మాత్రం మీవే ఉంచండి, ఓటీపీ అడిగినప్పుడల్లా "దేనికి" అని అడిగి చెప్పండి, పని అయిపోయాక పాస్‌వర్డ్ మార్చెయ్యండి.

10. పని జరిగే వరస

మొదటిది. పోర్టల్‌లో డిమాండ్‌కి "డిజగ్రీ" పెట్టి కారణం రాయాలి. చూడకుండా "డిమాండ్ ఈజ్ కరెక్ట్" నొక్కారంటే తర్వాత మార్చనివ్వదు. ఏదో ఒకటి నొక్కేద్దాం అని ఇంట్లో పిల్లలు నొక్కిన కేసులు రెండు చూశాను.

రెండోది. మూలం సరిచెయ్యడం. టీడీఎస్ కనబడకపోతే ముందు మీ డీడీవోనో (జీతం బిల్లు చేసే ఆఫీసర్) బ్యాంకునో పట్టుకుని వాళ్ళ టీడీఎస్ రిటర్న్ సవరింపజెయ్యాలి, 26ఏఎస్‌లో కనబడ్డాకే రెక్టిఫికేషన్. మావయ్య కేసులో నేను చేసిన తప్పు ఇదే. తొందరపడి ముందు రెక్టిఫికేషన్‌లో "రీప్రాసెస్" కొట్టేశాను, 10ఈ ఇంకా వెయ్యలేదు, సిస్టమ్ మళ్ళీ అదే లెక్క వేసి మళ్ళీ అదే 46,300 పంపింది. సీఏ గారు నన్ను చూసి ఏమీ అనలేదు, 10ఈ వేయించి, ఈ-వెరిఫై చేయించి, అప్పుడు మళ్ళీ పెట్టించారు. ఈలోగా 27వ రోజున అప్పీల్ కూడా వేయించేశారు.

మూడోది. అప్పీల్. కమిషనర్ అప్పీల్స్ దగ్గర ఫారం 35, ఆన్‌లైన్‌లోనే. అసెస్ చేసిన ఆదాయం లక్ష లోపైతే ఫీజు 250, రెండు లక్షల లోపైతే 500, పైనైతే 1,000. వెయ్యి రూపాయలు పోతే పోయాయి, హక్కు నిలబడుతుంది, నా వరకు అనుమానం ఉన్న ప్రతి కేసులోనూ వెయ్యడమే మంచిదంటాను. మీరు రిటర్న్‌లో ఒప్పుకున్న ట్యాక్స్ మాత్రం ముందే కట్టేసి ఉండాలి, లేకపోతే అప్పీల్ తీసుకోరు. స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్ సబ్మిట్ చేసేముందు మీరు ఒకసారి చదవండి, లేకపోతే తెలుగులో చెప్పించుకోండి, మీ ఊరి పేరూ ఎకరాలూ తప్పు పడితే తర్వాత కష్టం.

నాలుగోది. స్టే. అప్పీల్ వేసినంత మాత్రాన వసూలు ఆగదు, ఇది చాలామందికి తెలీదు. మీ ఆఫీసర్‌కి 220(6) కింద విడిగా అర్జీ పెట్టాలి. మామూలుగా గొడవలో ఉన్న మొత్తంలో కొంత శాతం కడితే అప్పీల్ తేలేదాకా ఆపుతారు, అంత కూడా కట్టలేని పరిస్థితి అయితే కారణాలు రాసి తగ్గించమని అడగొచ్చు. మీ ఆఫీసర్ ఎవరో పోర్టల్‌లో "నో యువర్ ఏవో"లో (ఏవో అంటే అసెసింగ్ ఆఫీసర్) ప్యాన్ కొడితే వస్తుంది. ఈ అర్జీ మాత్రం కాగితం మీద కూడా ఇచ్చి, జెరాక్స్ మీద స్టాంపు వేయించుకుని రండి. ఇది వదిలేస్తే ఒకరోజు ఏటీఎంలో డబ్బులు రావు, అకౌంట్ అటాచ్ అయిందని బ్యాంకువాళ్ళు చెప్తారు.

అప్పీల్ కాకుండా 264 కింద రివిజన్ అని ఇంకో దారి కూడా ఉంది, ప్రిన్సిపల్ కమిషనర్‌కి, ఏడాది లోపు, ఫీజు 500. మీరే ఏదో క్లెయిమ్ మర్చిపోయిన కేసులకి ఇది బాగుంటుంది. రెండూ ఒకేసారి నడపలేరు, ఏది మంచిదో సీఏని చెప్పమనండి.

11. జనం చేసే తప్పులు, వాటికి మందు

భయపడి కట్టేసి తర్వాత అడుగుదాం అనుకోవడం. కట్టాక తిరిగి తెచ్చుకోవడం అవుతుంది గానీ నెలలు పడుతుంది. 30 రోజులున్నాయి, మొదటి పది రోజులు కాగితాలకి వాడండి.

హియరింగ్ నోటీసు చూసుకోకపోవడం. అప్పీల్ వేసి మర్చిపోతారు, ఏడాది తర్వాత వివరాలు పంపండి అని వస్తుంది, జవాబు లేకపోతే ఉన్న కాగితాలతో కొట్టేస్తారు. నెలకోసారి, ఒకటో తారీఖున, మీరే లాగిన్ అయ్యి ఈ-ప్రొసీడింగ్స్ చూడండి. టైము సరిపోకపోతే అక్కడే వాయిదా అడిగే ఆప్షన్ ఉంది.

కాగితాలు వంకరగా ఫొటో తీసి పెట్టడం. స్కాన్ చేయించి, ఒక్కో పీడీఎఫ్ 5 ఎంబీ లోపు, పేరు అర్థమయ్యేలా పెట్టండి. ఫైల్ పేరు "స్కాన్0047" అని ఉంటే అవతల ఆఫీసర్‌కి ఏం తెలుస్తుంది, "అడంగల్ 2018-19" అని ఉండాలి. తెలుగు కాగితాలకి పక్కన ఇంగ్లీషులో రెండు ముక్కలు రాయించండి, చదివేది ఎక్కడివాళ్ళో.

ఒరిజినల్స్ సీఏ ఆఫీసులో వదిలేసి రావడం. చూపించండి, జెరాక్స్ ఇవ్వండి, ఇంటికి తెచ్చుకోండి. ఎంత మంచి ఆఫీసైనా సరే, మాదైనా సరే.

12. సీఏ ఫోన్ ఎత్తకపోతే

వారానికి ఒక్క మెసేజ్ చాలు: "సార్, ఫలానా సంవత్సరం జవాబు పెట్టారా, అక్నాలెడ్జ్‌మెంట్ పంపండి." అక్నాలెడ్జ్‌మెంట్ పంపకుండా "పెట్టేశాంలే" అంటే మీరే పోర్టల్‌లో చూడండి, పెడితే కనబడుతుంది. గడువుకి వారం ముందు కూడా ఉలుకూ పలుకూ లేకపోతే మనిషిని మార్చండి, అప్పటిదాకా చేసిన పనికి ఫీజు ఇచ్చేసి, పెట్టిన జవాబులన్నీ కాపీలు తెచ్చుకుని. గొడవ పడొద్దు, ఊరు చిన్నది.

డిపార్ట్‌మెంట్ వైపే ఆలస్యమైతే పోర్టల్‌లో గ్రీవెన్స్ పెట్టండి, హెల్ప్‌డెస్క్ 1800 103 0025 కూడా ఉంది. ఫోన్ చేసేముందు ప్యాన్, డిన్, రిఫరెన్స్ నంబర్ దగ్గర పెట్టుకోండి.

13. ఆర్డర్ మీ వైపు వచ్చాక

ఇక్కడితో అయిపోయిందనుకోవద్దు. ఆర్డర్ వచ్చినా పోర్టల్‌లో పాత డిమాండ్ అలాగే కూర్చుని ఉంటుంది, వచ్చే ఏడాది రీఫండ్‌లో 245 కింద కోసేస్తారు. "ఔట్‌స్టాండింగ్ డిమాండ్"లో సున్నా అయ్యేదాకా చూడండి, అవ్వకపోతే ఆర్డర్ కాపీ పెట్టి మీ ఆఫీసర్‌కి అర్జీ ఇవ్వండి. స్టే కోసం కొంత కట్టి ఉంటే అది వడ్డీతో తిరిగి రావాలి, బ్యాంకు అకౌంట్ పోర్టల్‌లో వాలిడేట్ అయి ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

మావయ్యకి నాలుగో నెలలో సరిచేసిన ఆర్డర్ వచ్చింది, డిమాండ్ సున్నా. వేసిన అప్పీల్ వెనక్కి తీసుకుంటున్నామని జవాబు పెట్టించాం. ఆయన ఆ పీడీఎఫ్ ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, సర్వీస్ రిజిస్టర్ జెరాక్స్ పక్కన పెట్టుకున్నారు. లామినేషన్ అక్కర్లేదు గానీ ప్రింటు మాత్రం తీయించండి.